ఆరువేళ్ల బేరం

ఉల్లి ధరకి సిగ్గూ శరమూ లేదని తిట్టుకోని వాళ్లు ఆ మార్కెట్లో లేరు. పాపం, దాని తప్పేమీ లేదు. బుద్ధి లేనిది మనుషులకి. ఒక ఏడు బస్తా తొమ్మిది వందలు పలుకుతుంది. అది చూసి మరుసటి ఏడు పెరట్లో పూలమొక్కలు పీకి మరీ ఉల్లి నాటుతారు. అందరి పంటా ఒక్కసారే దిగుతుంది, ధర నేలమీద పడి దొర్లుతుంది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు ఆ పై ఏడు ఉల్లి పేరెత్తితే చెవులు మూసుకుంటారు. సరుకు తగ్గుతుంది, ధర మళ్లీ అటకెక్కి కూర్చుంటుంది. మూడేళ్లకో చుట్టు. ఇది చాలదన్నట్టు ఏడాదిలో ఇంకో చుట్టు. పంట దిగే ఎండాకాలంలో చవక, వానలు ముదిరి పాకల్లో సరుకు కుళ్లే వేళకి ప్రియం. తాతల నాటి నుంచీ ఇదే వరస. ఈ సంగతి తెలియనివాడు లేడు, తెలిసి బాగుపడినవాడూ లేడు.

అలాంటి మార్కెట్లో దళారికి ముప్పై ఏళ్ల అనుభవం. మనిషి వాగుడుకాయ. టీ కొట్టు దగ్గర నిలబడితే వాన మొదలై వెలిసేదాకా అతని మాట ఆగదు. చేతి మీద తువ్వాలు పడిందంటే మాత్రం అసలు మనిషి బయటికొస్తాడు, ఆ మనిషికి నోరుండదు.

ఎందుకంటే అక్కడ బేరం నోటితో చెయ్యరు. రైతు తన పాకలోంచి రెండు బస్తాలు తెచ్చి మార్కెట్ రేకుల షెడ్డు కింద కుప్ప పోస్తాడు. ఆ కుప్పని చూసి పాకలో సరుకంతటికీ ధర కట్టాలి. కొనేవాడు వచ్చి దళారి ఎదురుగా పీట మీద కూర్చుంటాడు. ఇద్దరి చేతుల మీదా తువ్వాలు కప్పుతారు. వేలు పట్టుకుంటే వంద, గోరుతో గీరితే యాభై, చెయ్యంతా పట్టుకుంటే ఐదు వందలు. అరచేతిలో బొటనవేలు నొక్కారంటే బేరం తెగినట్టు. పైకి మాత్రం ఇద్దరూ మబ్బుల గురించీ మోకాళ్ల నొప్పుల గురించీ మాట్లాడుకుంటూ ఉంటారు. పక్కవాడికి ధర తెలియకూడదని పెట్టుకున్న పద్ధతి అది.

దానికి మూడే మూడు కట్టుబాట్లు. అమ్మేవాళ్లని అడగకుండా దళారి నొక్కకూడదు. నొక్కాక వెనక్కి పోకూడదు. అమ్ముడైన కుప్ప వంక ఇంకెవరూ కన్నెత్తి చూడకూడదు. కాగితాలూ సంతకాలూ ఏమీ లేవు. ఇన్నేళ్లుగా ఇన్ని వేల బస్తాలు ఆ మూడు ముక్కల మీదే చేతులు మారాయి.

కొనేవాళ్ల ముఖాలు మరిచిపోయినా దళారి చేతులు మరిచిపోడు. ఒకడి అరచెయ్యి ఎప్పుడూ చెమటగా ఉంటుంది, ఆశ ఎక్కువన్నమాట. ఒకడి వేళ్లు మూడు వందల దగ్గర వణుకుతాయి, జేబులో అంతే ఉందన్నమాట. లారీల షావుకారుది మెత్తని చెయ్యి. ఎంత మెత్తగా పట్టుకుంటే అంత గట్టిగా కోస్తాడు. ఇవన్నీ దళారి ఎవరికీ చెప్పడు. వాగుడుకాయ కడుపులోనూ కొన్ని మాటలు దాగుతాయి.

అతనికి ఒక్కతే చెల్లెలు. ఆమె భర్త లారీ మీద తిరుగుతాడు, నెలకోసారి ఇంటి గడప తొక్కితే గొప్ప. పదకొండేళ్లుగా ఆమె ఒకే పొలాన్ని కౌలుకి చేస్తోంది. అందులో రాళ్లు ఏరింది, గట్లు వేసింది, నీళ్లు పడేదాకా మూడుచోట్ల బావి తవ్వించింది. ఇప్పుడు పొలం ఆసామి ముసలివాడై దాన్ని అమ్మకానికి పెట్టాడు.

"ఇన్నేళ్లు చేశావు కాబట్టి ముందు నిన్నడుగుతున్నానమ్మా. వానాకాలం చివరి శుక్రవారం దాకా చూస్తాను. ఆ పైన ఎవరొస్తే వాళ్లకి" అన్నాడు. మర్యాదగానే అన్నాడు, తిట్టడానికి కూడా వీల్లేకుండా.

ఎండాకాలంలో పంట దిగినప్పుడు బస్తా మూడు వందలు. ఆమె అప్పుడే అమ్మేస్తానంది. దళారే ఆపాడు.

"నా మాట విను. ఇది ఎక్కే ఏడు. పోయిన రెండేళ్లూ దెబ్బతిని ఈసారి జనం నాటలేదు. వానల్లో ఎనిమిది పలక్కపోతే నన్నడుగు."

ఎనిమిదంటే ఊరికే నోటికొచ్చిన అంకె కాదు. పాకలో మిగిలే మూడు వందల బస్తాలకీ ఎనిమిది వందల చొప్పున వస్తే పొలం ఆమెది. ఏడొస్తే కాదు. ఏడున్నరా కాదు.

ఉల్లిని దాచడమంటే బంగారాన్ని దాచడం కాదు. వెదురు తడికల పాకలో గాలి ఆడేలా పరవాలి. మూడురోజులకోసారి ప్రతి పాయా తిప్పి చూసి మెత్తబడ్డది పారెయ్యాలి, లేకపోతే అది పక్కవాటినీ తినేస్తుంది. పారేసింది పోగా మిగిలింది రోజురోజుకీ ఎండి బరువు తగ్గుతుంది. మూడు వందల అరవై బస్తాలు పోస్తే మూడు వందలు తేలాయి. ఆమె చేతులకి ఆ వాసన ఎంత తోమినా పోయేది కాదు.

"ఉల్లి చేసిన మేలు తల్లి కూడా చెయ్యదంటారు. ఈ తల్లి కూర్చుని రోజుకింత నన్నే తింటోంది అన్నయ్యా" అని నవ్వేది.

వానలు పడ్డాయి. ధర మూడు నుంచి నాలుగుకి వచ్చింది, నాలుగున్నర దగ్గర మొండికేసింది. ఆ చివరి శుక్రవారానికి ఇంకా పన్నెండు రోజులున్నాయి.

ఆరోజు పొద్దున్నే మొదలైన ముసురు ఎంతకీ వదల్లేదు. మార్కెట్లో నలుగురు కూడా లేరు. చెల్లెలు కుప్ప పోసి, పాకలో తిప్పాల్సిన సరుకుందని వెళ్లింది. పాక పది నిమిషాల దూరం. దళారి కుప్ప పక్కన కూర్చుని, చలిగా ఉందని చేతులమీద తువ్వాలు కప్పుకున్నాడు. రేకులమీద వాన చప్పుడు వింటూ ఉండగా తువ్వాలు కిందికి ఎదుటివైపు నుంచి ఒక చెయ్యి వచ్చింది.

అలవాటు ఎంత చెడ్డదంటే, ఎదురుగా మనిషి లేడన్న సంగతి బుర్రకెక్కేలోపే అతని చెయ్యి బేరంలోకి దిగిపోయింది. తరవాత తలెత్తి చూశాడు. పీట ఖాళీగా ఉంది. తువ్వాలు అంచు మాత్రం అటువైపు మణికట్టంత ఎత్తున లేచి ఉంది.

ఆ చెయ్యి చల్లగా లేదు. చల్లగా ఉన్నా బాగుండేది, చచ్చినవాళ్ల చెయ్యి కదా అని సర్దిచెప్పుకునేవాడు. వెచ్చగా, పొడిగా, మామూలు మనిషి చెయ్యిలా ఉంది. చిటికెనవేలి పక్కన మడిచిన ఇంకో బుల్లి వేలు అతని మణికట్టుకి తగిలింది.

అలాంటి చెయ్యి ఆ మార్కెట్లో ఒక్కడికే ఉండేది. ఆరువేళ్లాయన. బతికున్నన్నాళ్లూ ఆయన చెయ్యంతా పట్టుకుంటే ఐదు వందలా ఆరు వందలా అని అందరూ వేళాకోళం చేసేవాళ్లు. "ఆరోది నా సొంత ఖర్చులకి" అని ఆయన ఆ బుల్లి వేలు మడిచేవాడు. మూడేళ్ల కిందట ధర బాగా ఎక్కినప్పుడు ఇంకా ఎక్కుతుందని తొమ్మిదికి కొని గోడౌను నింపాడు. కొత్త పంట దిగింది, ధర జారింది, ఆయన ఆగాడు. ఇంకా జారింది, ఇంకా ఆగాడు. చివరికి మొలకలొచ్చిన బస్తాల మధ్య కుర్చీలో కూర్చునే పోయాడు. మోసినవాళ్లలో దళారి ఒకడు.

ఇప్పుడు ఆ చెయ్యి అతని చేతిని మొత్తంగా పట్టుకుంది. వదిలింది. మళ్లీ మూడు వేళ్లు పట్టుకుంది.

ఎనిమిది.

దళారి పీట వంక మళ్లీ చూశాడు, ఖాళీయే. లేచి పరుగెత్తాలి. పోనీ చెల్లెల్ని పిలవాలి. అడగకుండా నొక్కకూడదు, ముప్పై ఏళ్లలో ఒక్కసారి కూడా నొక్కలేదు. కానీ ఎనిమిది. తాను మాటిచ్చిన ఎనిమిది. పది నిమిషాలు పోయి పది నిమిషాలు వచ్చేసరికి ఈ చెయ్యి ఉంటుందా? ఆశ లావు, పీక సన్నం. అతను ఇలా అటూ ఇటూ ఊగుతుండగానే బొటనవేలు వెళ్లి ఆ అరచేతిలో నొక్కేసింది.

అవతలి చెయ్యి అతని అరచేతిని ఒకసారి నిమిరి వెనక్కి పోయింది. బేరం కుదిరితే ఆయన ఎప్పుడూ అలాగే చేసేవాడు. తువ్వాలు చదునుగా పడింది.

మధ్యాహ్నం చెల్లెలు వచ్చి, "ఎవరైనా అడిగారా అన్నయ్యా?" అంది.

"ఎవరూ రాలేదమ్మా" అన్నాడు. పీట మీద ఎవరూ లేరు కాబట్టి అది అబద్ధం కాదని తనకు తాను చెప్పుకున్నాడు. మరీ చలికి కలగని ఉంటానని కూడా చెప్పుకున్నాడు. మనిషికి సాకులు కరువా.

మర్నాటి నుంచి ధర కదిలింది. ఐదు. రెండురోజులకి ఆరు. పక్క జిల్లాల్లో వరదకి పాకలు మునిగాయన్నారు, ధర ఏడు దాటింది. మార్కెట్ నిండిపోయింది. రోజూ కుప్పలు పడుతున్నాయి, తువ్వాళ్లు లేస్తున్నాయి, లారీలు కదులుతున్నాయి. చెల్లెలి కుప్ప దగ్గర మాత్రం ఒక్కడూ ఆగలేదు.

మార్కెట్ నిండిన మొదటి రెండురోజులూ దళారి పట్టించుకోలేదు. మూడోరోజు లారీల షావుకారుని తానే పిలుచుకొచ్చాడు.

"షావుకారు గారూ, ఈ కుప్ప చూడండి. ఇలాంటి పాయ ఈ ఏడు మార్కెట్టుకి రాలేదు."

"ఏ కుప్పయ్యా?"

"ఇదే. మీ కాళ్ల దగ్గర."

షావుకారు కాళ్ల దగ్గరికి చూశాడు. చూపు కుప్ప మీద పడింది, అక్కడే నిలిచింది. అయినా అతను చూసింది కుప్పని కాదు. ఖాళీ నేలని చూసే మనిషి ముఖం ఎలా ఉంటుందో అలా ఉంది.

"నిద్ర సరిగా పోతున్నావా?" అన్నాడు, పాపం నిజంగానే జాలిపడి. పాయ ఒక్కటి కూడా తొక్కకుండా కుప్ప చుట్టూ తిరిగి వెళ్లాడు. తాను చుట్టూ తిరిగినట్టు అతనికి తెలియలేదు.

దళారి ఇంకో ఇద్దర్ని పిలిచాడు. అదే ముఖం. సాయంత్రం కాటా మనిషి షెడ్డంతా ఊడ్చాడు. కుప్ప అంచుదాకా ఊడ్చి, పక్కకి జరిగి, అవతలి అంచునుంచి మళ్లీ మొదలుపెట్టాడు. ఆ పొడుగు చీపురు ఒక్క పాయని కూడా తాకలేదు. అమ్ముడైన కుప్ప వంక ఎవరూ చూడకూడదు. మార్కెట్ తన కట్టుబాటు తాను పాటిస్తోంది. దళారి కుప్ప పక్కనే కూర్చుండిపోయాడు.

ఆరోజే చెల్లెలు పాకలోంచి రెండు పాయలు చేత్తో పట్టుకుని వచ్చింది.

"అన్నయ్యా, ఒక వింత చెప్పనా? వారం అయింది, ఒక్కటీ కుళ్లలేదు. బరువూ తగ్గలేదు. ముందు సంబరపడ్డాను."

"మరి?"

"వాసన రావడం లేదు. పాకంతా ఉల్లిపాయలే, పాకలో వాసన లేదు. ఇందాక ఒకటి కోశాను..." అని నవ్వుతూ మొదలుపెట్టి సగంలో ఆగింది. "కళ్లు మండలేదు. నాలుక మీద పెట్టుకుంటే నీళ్లు తాగినట్టుంది."

ఆమె చేతులు ముక్కు దగ్గరికి తీసుకున్నాడు. వాటికీ వాసన లేదు. ఇంక దాచలేకపోయాడు. పీట, తువ్వాలు, ఆరో వేలు, ఎనిమిది, తన బొటనవేలు, అన్నీ చెప్పాడు. కంచే చేను మేసిందమ్మా అని తలవంచుకున్నాడు. అరుస్తుందనుకున్నాడు. ఏడుస్తుందనుకున్నాడు.

"ఎనిమిదికేనా?" అంది.

"ఎనిమిదికే."

"డబ్బులెవరిస్తారు?"

ఆమె ఆ రెండు పాయల్నీ కుప్ప మీద పెట్టింది. అవి జారి పడలేదు, పెట్టినచోటే ఉన్నాయి.

"నొక్కిన బేరం వదిలించుకోవడం ఎలా?"

"కొన్నవాడు తనంత తాను వదలాలి. మళ్లీ తువ్వాలు కిందే అడగాలి."

"అయితే అడుగు."

సోమవారం అడిగాడు. తెల్లారేసరికి పీట వేసుకుని, తువ్వాలు కప్పుకుని మధ్యాహ్నం దాకా కూర్చున్నాడు. మంగళవారం, బుధవారం కూడా కూర్చున్నాడు. చెయ్యి రాలేదు. చుట్టూ ధర ఎనిమిదికెక్కి నిలబడింది. ఇంతకాలం అతన్ని పొగిడినవాళ్లందరూ తమ సరుకు అమ్ముకుని, ఒట్టి నేల పక్కన ఒంటరిగా తువ్వాలు కప్పుకుని కూర్చున్న మనిషిని చూసి గొంతు తగ్గించి మాట్లాడుకుంటూ పోతున్నారు. బేరం తెగాక దళారితో ఎవరికి పని. ఆ మాట అతను ఎన్నోసార్లు నవ్వుతూ అన్నదే.

గురువారం పొద్దున షావుకారు టీ తాగుతూ అన్నాడు, "ఎగువన కొత్త పంట బయలుదేరింది. నలభై లారీలట. రేపు సాయంత్రానికి ఈ ఎనిమిది ఉండదు." రేపే శుక్రవారం.

చెల్లెలు ఆ మాట విని, చీర చెంగుతో చేతులు తుడుచుకుంది.

"లే అన్నయ్యా. నేను పెడతాను."

"అమ్మేవాళ్లు చెయ్యి పెట్టరమ్మా. దళారే పెట్టాలి."

"దళారి పెట్టి చేసిన నిర్వాకం చూశాం కదా. ఎలా అడగాలో నేర్పు."

నేర్పాడు. కుడిచెయ్యి బోర్లా పెట్టు. అవతలి చెయ్యి వస్తే భయపడి లాగకు, లాగితే ధర నచ్చలేదని అర్థం. నొక్కిన చోటే ఆయన అరచేతిలో గోరుతో అడ్డంగా గీస్తే వదిలెయ్యమని అడిగినట్టు. ఆయన ఊరికే వదలడు. బదులు ఏదో అడుగుతాడు. అది నీకు సమ్మతమైతేనే బొటనవేలు నొక్కు. చిన్నప్పుడు ఆమెకి అంకెలు నేర్పింది కూడా వేళ్ల మీదే.

ఆమె పీట మీద కూర్చుంది. తువ్వాలు కప్పాడు. కాసేపు ఏమీ లేదు. షెడ్డులో అటు నాలుగు బేరాలు, ఇటు ఆరు బేరాలు జరుగుతున్నాయి, కాటా గొలుసులు చప్పుడవుతున్నాయి. అప్పుడు తువ్వాలు అటువైపు అంచు మెల్లగా లేచింది. చెల్లెలి భుజాలు బిగిశాయి. చెయ్యి లాగలేదు.

తువ్వాలు కింద ఏం నడుస్తోందో పైకి తెలియకూడదనే ఆ పద్ధతి పెట్టారు. ముప్పై ఏళ్లలో దళారి మొదటిసారి ఆ పద్ధతిని తిట్టుకున్నాడు. గుడ్డ ముడతలు పడుతోంది, సర్దుకుంటోంది. ఆమె పెదవులు కదులుతున్నాయి, వేళ్లు లెక్కపెట్టుకుంటున్నట్టుంది. ఒకసారి అడ్డంగా తల ఊపింది. ఇంకోసారి ఊపింది. తరవాత తలెత్తి అన్నవైపు చూసింది. కొనేముందు బస్తాని చూసే చూపు అది. దళారికి ఆ చూపు బాగా తెలుసు, చెల్లెలి ముఖంలో మాత్రం ఎప్పుడూ చూడలేదు. అడుగుదామని నోరు తెరిచేలోపు తువ్వాలు కింద ఆమె బొటనవేలు కదిలింది.

తువ్వాలు చదునుగా పడింది.

మరుక్షణం వాసన. నాలుగు నెలల ఉల్లి వాసన ఒక్కసారిగా లేచి షెడ్డంతా నిండింది. కాటా మనిషి తుమ్మాడు. ఎవరో కళ్లు తుడుచుకున్నారు. కుప్పమీద పెట్టిన రెండు పాయలూ దొర్లి కిందపడ్డాయి. లారీల షావుకారు టీ గ్లాసు పట్టుకునే వచ్చి కుప్ప ముందు ఆగాడు.

"ఇంత సరుకు ఎప్పుడు దింపారయ్యా? నిన్న లేదే."

ఒక పాయ తీసి నలిపి వాసన చూశాడు. పీట లాక్కుని కూర్చున్నాడు. "కానీ, చెయ్యి పెట్టు."

దళారికి ప్రాణం లేచొచ్చింది. ఎదురుగా కూర్చుని చెయ్యి చాపాడు. షావుకారు తువ్వాలు కప్పి తన చెయ్యి లోపలికి పోనిచ్చాడు. మబ్బుల గురించి ఒక మాట, లారీల కిరాయి గురించి ఒక మాట అన్నాడు. గుడ్డ కింద అతని వేళ్లు అటూ ఇటూ తడుముకోవడం దళారికి కనిపిస్తూనే ఉంది.

"పెట్టవయ్యా" అన్నాడు షావుకారు.

"పెట్టాను."

"హాస్యాలకి ఇది వేళ కాదు. పెట్టు."

ఆ మెత్తని చెయ్యి దళారి చేతిమీదుగా పోతూనే ఉంది. ఎక్కడా తగలడం లేదు. అతనికి తన చెయ్యి తెలుస్తోంది, వేళ్లు ముడిస్తే ముడుచుకుంటున్నాయి. షావుకారు వేళ్లకి మాత్రం అక్కడ ఒట్టి గుడ్డ తప్ప ఏమీ దొరకడం లేదు.

చెల్లెలు అన్న భుజం పట్టుకుని పక్కకి జరిపింది. తాను కూర్చుని చెయ్యి పెట్టింది. షావుకారు ఒక క్షణం ఆశ్చర్యపోయాడు. ఆడమనిషి చెయ్యా అని కాబోలు. అయినా సరుకు మంచిది, వేళ మించుతోంది. వానల గురించి మళ్లీ మొదలుపెట్టాడు. ఆమె గుడ్డ మీంచి చూపు తిప్పలేదు. షావుకారు కనుబొమలు రెండుసార్లు లేచి దిగాయి. చివరికి నిట్టూర్చి తువ్వాలు తీసేశాడు.

"ఎనిమిది. గట్టిదానివే తల్లీ" అని కాటా మనిషిని పాకకి పంపాడు.

పొలం ఆమెదైంది. దళారి ఏడవబోయాడు, సంతోషానికో దేనికో. ఏడుపు రాలేదు.

"ఏమడిగాడు?" అన్నాడు.

ఆమె తన కుడిచెయ్యి చూసుకుంటూ చెప్పింది. "ముందు నా వేళ్లన్నీ తడిమాడు. నొక్కిన చెయ్యి ఇది కాదని తెలిసినట్టుంది. నువ్వు చెప్పినట్టే గీశాను. ఒప్పుకోలేదు. మళ్లీ గీశాను. అప్పుడు నా వేలు పట్టుకుని నీ వైపు తిప్పాడు."

"నా వైపా?"

"ఆ నొక్కిన చెయ్యి ఇమ్మన్నాడు. ఇచ్చాను."

"నన్నడక్కుండానా?"

"నువ్వు నన్నడిగావా అన్నయ్యా?"

కోపంగా అనలేదు. కోపంగా అన్నా తట్టుకునేవాడు.

ఆమె అతని పక్కనే కూర్చుంది. జారిన తువ్వాలు తీసి అతని ఒళ్లో, చేతులమీద కప్పింది. "అన్నం తినడానికి ఆ చెయ్యి పనికొస్తుంది. పార పట్టడానికీ పనికొస్తుంది. రేపట్నుంచి పొలానికి రా. నా కష్టంలో నీకు పాలు లేదనను" అంది. కళ్లు తుడుచుకుంది. ఉల్లి ఘాటు వల్లనే కాకపోవచ్చు.

అప్పుడే తువ్వాలు కింద దళారి చేతిని ఎవరో పట్టుకున్నారు. వెచ్చని చెయ్యి, పొడి చెయ్యి. పక్కన మడిచిన బుల్లి వేలు. లాక్కోబోయాడు, రాలేదు. ఆ చెయ్యి తొందరపడకుండా అతని వేలు ఒకటి పట్టుకుంది. తరవాత గోరుతో గీరింది. ఒకటిన్నర.

మార్కెట్లో ఎనిమిది నడుస్తోంది. ఒకటిన్నర ఎక్కడిదో అర్థం కావడానికి అతనికి ఎంతోసేపు పట్టలేదు.

"వచ్చే ఏడు ఉల్లి వెయ్యకు" అన్నాడు. "ఒకటిన్నరకి పడిపోతుంది."

"ఆయన చెప్పాడా?"

"ఇప్పుడే."

చెల్లెలు తువ్వాలు వైపు చూసింది. కాస్త దూరం జరిగింది. "అంత తెలిసిన మనిషి తొమ్మిదికి ఎందుకు కొన్నాడు?"

"బతికుండగా తెలియలేదు."

ఆమె ఆలోచించింది. నిజంగానే ఆలోచించింది, ముఖంలో కనిపించింది. గేటు అవతల విత్తనాల కొట్టు ముందు జనం చేరుతున్నారు. ఎనిమిదికి అమ్ముకున్న ప్రతివాడూ అక్కడే ఉన్నాడు. ఈసారి గట్టు కూడా వదలనని ఒకడు, పక్క పొలం కూడా కౌలుకి పడతానని ఇంకొకడు.

"సొంత పొలంలో మొదటి పంట అన్నయ్యా. ఊరంతా వేస్తుంటే నేనొక్కదాన్నే చేతులు ముడుచుకుని కూర్చోవాలా?" అంది.

లేచి గేటు వైపు నడిచింది. అతను పిలిచాడు. వినిపించింది కాబట్టే వెనక్కి తిరిగి, వస్తానన్నట్టు చెయ్యి ఊపింది. వెళ్లి లైన్లో నిలబడింది. ఆమె వెనక అప్పుడే ఇంకో ముగ్గురు చేరారు. తువ్వాలు కింద వేళ్లు ఒకటిన్నర వదిలేసి, ఆ పై ఏడు ధర చెప్పడం మొదలుపెట్టాయి.